పీపాలవాడి రెండో కూతురు

నాకున్న భయాల్లోకెల్లా పెద్దది ఇదీ: ఎప్పుడో ఒక పూట నేను ఎఫీ ఛాతీ మీద చెయ్యి వేసేసరికి అది కదలకుండా ఉంటుంది.

ఎఫీ నా కూతురు. నాలుగేళ్ళు. మార్చిలో ఇంటి వెనక పక్కింటివాళ్ళ కోడిని తరుముతూ పరిగెత్తి, ఉన్నట్టుండి కూలబడి, నలభై సెకన్లు లేవలేదు. ఆ నలభై నేను పైకి లెక్కపెట్టాను కాబట్టి కచ్చితంగా తెలుసు. గుండె కొట్టుకునే లయలో పుట్టుకతో వచ్చిన లోపమని పెద్దాస్పత్రిలో తేల్చారు. పరిగెత్తితే ఆగిపోవచ్చు, ఈత కొడితే మరీ ప్రమాదం. రోజూ మందు వేసుకుంటే బతికిపోతారు. తెలియకపోతే పోతారు. అది నాలోనూ ఉందన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు. మా తమ్ముడు కాలమ్ పంతొమ్మిదేళ్ళప్పుడు రేవు గోడ పక్కన ఈదుతూ మునిగిపోతే, తాగి దూకాడని ఊరంతా చెప్పుకుంది. వాడు ఆ రోజు టీ తప్ప ఏమీ తాగలేదు. మా అమ్మ, అమ్మమ్మ, అమ్మమ్మ తల్లి, ఆమె తల్లి లిజ్జీ మెయిర్, ఒక్కరు కూడా నలభై దాటలేదు.

"ఈ లోపం లిజ్జీకి తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చి ఉంటుంది," అంది ఆస్పత్రి నర్సు. "ఆమెకి తోబుట్టువులు ఉంటే వాళ్ళ సంతానంలోనూ ఉండొచ్చు. మనుషుల్ని కనిపెట్టి చెప్పు, ఉత్తరం పంపుతాం. పేరు తెలియనివాళ్ళకి పంపలేం కదా."

లిజ్జీకి ఒక్కతే చెల్లెలు, జోహానా. ఆ జోహానా దగ్గరే దారి తెగిపోయింది. తెంపిన మనిషి గావిన్ డాల్గార్నో.

*

మంగళవారం తొమ్మిదీ నలభైకి క్రెయిగ్‌డూన్‌లో డాల్గార్నో ఆఫీసు మెట్లెక్కాను. పూర్వీకుల్ని వెతికిపెట్టడం ఆయన వృత్తి. కెనడా నుంచి, ఆస్ట్రేలియా నుంచి వచ్చేవాళ్ళకి కోటలున్న తాతల్ని చూసి ఫ్రేము కట్టించి ఇస్తాడు. గోడ మీద ఆయన సొంత వంశవృక్షం వేలాడుతోంది. తండ్రి వైపు నాలుగు వందల ఏళ్ళు, బంగారు రంగు అక్షరాల్లో. తల్లి వైపు ఒక్క పేరు. దాని పైన తెల్లకాగితం.

ఆయన నాకు రాసిచ్చిన నివేదికని ఆయన బల్ల మీదే పడేశాను.

"మూడో పేజీ తప్పు."

"ముందు కూర్చో అమ్మా షోనా."

"కూర్చోను. 'ఈ శాఖ 1918తో అంతరించింది' అని రాశారు. ఎలా తేల్చారు?"

ఆయన గడ్డం నిమురుకుని, కళ్ళజోడు తీసి తుడిచాడు. తొందరేమీ లేదాయనకి. "జోహానా మెయిర్, పద్దెనిమిదేళ్ళు, పోర్ట్ ఆస్కిల్. 1918 అక్టోబరులో విషజ్వరంతో చనిపోయింది. తండ్రి అలెగ్జాండర్, తల్లి మార్గరెట్ స్మిత్. మీ లిజ్జీ తల్లిదండ్రులూ వాళ్ళే. తర్వాత 1921 జనాభా లెక్కలు చూశాను. ఆ ఇంట్లో ముసలి మొగుడూ పెళ్ళాం తప్ప ఎవరూ లేరు. లిజ్జీ అప్పటికే అత్తవారింట్లో ఉంది. చావు కాగితం ఒకటి, ఖాళీ ఇల్లు ఒకటి. ఇంకేం కావాలి?"

"ఆ ఊళ్ళో ఇంటిపేర్లు నాలుగే నాలుగు. మొదటి కూతురికి తల్లి తల్లి పేరు, రెండో కూతురికి తండ్రి తల్లి పేరు. ఎవరూ తప్పరు. దాంతో ఊరంతా అవే పేర్లు. మా జోహానా పుట్టిన ఏడాదే అక్కడ పుట్టిన జోహానా మెయిర్లు ముగ్గురు. అలెగ్జాండర్ మెయిర్లు తొమ్మిదిమంది. మార్గరెట్ స్మిత్‌లని లెక్కపెట్టడం మానేశాను."

"అయితే?"

"అయితే పేర్లు పనికిరావు. పని చూడాలి. చావు కాగితంలో తండ్రి ఏం పనిచేస్తాడని ఉంది?"

ఆయన కాగితం వైపు చూడనైనా చూడలేదు. "జాలరి."

"మా లిజ్జీ తండ్రి 1901 లెక్కల్లో పీపాలు చేసేవాడు. 1911లోనూ పీపాలు చేసేవాడు."

"మధ్యలో యుద్ధం వచ్చింది తల్లీ. మన హెర్రింగ్ చేపలు కొనేదే జర్మనీ వాళ్ళు. ఉప్పుచేపల పీపాలు ఇక ఎవడిక్కావాలి? పని పోయింది, పడవెక్కాడు. మనుషులు వృత్తులు మారుస్తారు. మా పనిలో నేర్పే మొదటి పాఠం అది."

"యాభై ఏళ్ళప్పుడా? ఎవడి పడవ?" నా గొంతు లేచింది. లేవనిచ్చాను. "పడవలో చోటు కావాలంటే సొంత వలలుండాలి. అన్నదమ్ములు, బావమరుదులు కలిసి వెళతారు. జీవితమంతా కొట్లో సుత్తి పట్టినవాణ్ణి ఎవడూ ఎక్కించుకోడు. పైగా ఆ ఏడాది ఊళ్ళో సగం పడవల్ని నౌకాదళం పట్టుకుపోయింది. ఉన్న జాలర్లకే పడవల్లేవు!"

"ఇవన్నీ ఏ బళ్ళో చదివావో?"

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. అందుకే ఇంకా మండింది.

"బడి పదిహేనో ఏట మానేశానండీ. మా అమ్మ చచ్చిపోయింది, తమ్ముణ్ణి చూసుకోవాలి. చేపల షెడ్డులో కత్తి పట్టుకున్నాను. ఆమెని చంపిన జబ్బు ఇంకెవరి ఇంట్లోనో కూర్చుని ఉంది. వాళ్ళకి ఆ సంగతి తెలియకుండా మీ మూడో పేజీ అడ్డం నిలబడింది."

"మా అమ్మ కూడా నాకు తొమ్మిదేళ్ళప్పుడే పోయింది. నేను ముత్తాతల మీద విరుచుకుపడుతున్నానా?" ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఇక పీపాల గురించా, నాకు నువ్వు చెప్పనక్కర్లేదు. మా అమ్మ తాతే పీపాలవాడు. లెర్విక్‌లో మాగ్నస్ ఇస్‌బిస్టర్ బిగించిన పీపాలోంచి చుక్క కారేది కాదనేవారు."

"మరి ఆయన్ని గోడ మీద పెట్టలేదేం?"

"చేపల కంపు కొట్టే తాతల్ని చూడ్డానికి ఇక్కడికి ఎవరూ రారు, షోనా."

కాగితాలు చింపి ఆయన ముఖాన కొట్టాలన్నంత కోపం వచ్చింది. అంతలో తలుపు తోసుకుని ఒక అమ్మాయి వచ్చింది. పధ్నాలుగేళ్ళుంటాయి. ఎర్ర జుట్టు తడిగా ఉంది. భుజాన సంచి, చేతిలో నీలం రంగు ఈత టోపీ.

"నాన్నా, నాలుగింటికి పోటీ. వస్తున్నావు కదా? పోయినసారి కూడా వస్తానన్నావు."

"చూస్తాలే మిర్రెన్."

"చూస్తాలే అంటే రావని అర్థం." నా వైపు తిరిగింది. "మీరు ఎందుకు నిలబడ్డారు? కుర్చీ మంచిదే, విరగదు." కుర్చీని నా వైపు లాగి, తను దాని వీపు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

"ఏమైంది?" అన్నాను.

"ఏం లేదు. పొద్దున సాధన అయ్యాక కొంచెం కళ్ళు తిరిగాయి. నిన్నా అంతే."

"పొద్దున్నే ఏమీ తినకుండా పోతే తిరగవూ?" అన్నాడు డాల్గార్నో. జేబులో చెయ్యి పెట్టి, బేకరీలో ఏదైనా కొనుక్కోమని పంపించాడు. ఆ పిల్ల వెనకే వెళ్ళి ఆపుదామనిపించింది. కానీ మార్చి నుంచి ఏ పిల్ల తూలినా నాకు అలాగే అనిపిస్తూనే ఉంది. అది లెక్కలోకి తీసుకోలేదు.

"రుజువు తెస్తాను," అని వచ్చేశాను.

"తప్పకుండా తే," అన్నాడు వెనక నుంచి. "తప్పులు దిద్దుకోవడం నాకిష్టమే."

*

పదీ ఇరవై అయిదు బస్సు. ఎక్కగానే మా పక్కింటి నాన్సీకి ఫోన్ చేశాను. ఎఫీని ఆమె దగ్గర వదిలి వచ్చాను.

"ఊపిరి తీసుకుంటోందా?"

"తీసుకుంటోంది. నా బిస్కెట్లన్నీ తీసుకుంటోంది కూడా. గంట క్రితమే కదా అడిగావ్?"

"మందు?"

"వేశాను షోనా. నువ్వు కూడా ఏదైనా తిను."

పదకొండుంబావుకి పోర్ట్ ఆస్కిల్‌లో దిగాను. నాకు కావలసిన మనిషి టీనీ కౌయీ. తొంభై మూడేళ్ళు. ఆ రోజుల్లో హెర్రింగ్ చేపలు కోసే ఆడవాళ్ళు ముగ్గురేసి జట్టుగా, చేపల గుంపు ఏ రేవుకి వస్తే ఆ రేవుకి వెళ్ళేవారు. ఇద్దరు పొట్ట కోసి పేగులు లాగితే, పొడుగ్గా ఉన్న మూడో మనిషి పీపాలోకి వంగి ఉప్పు చల్లి పేర్చాలి. లిజ్జీ, జోహానాలతో కలిసి పీపాలు పేర్చిన మూడో మనిషి మ్యాగీ. ఆ మ్యాగీ కూతురే ఈ టీనీ. రెండుసార్లు ఉత్తరం రాస్తే జవాబు లేదు. తలుపు కూడా మూడోసారి కొడితే తెరిచింది.

"జోహానా మెయిర్ గురించైతే చచ్చిపోయింది. వెళ్ళు."

"ఎప్పుడు చచ్చిపోయిందవ్వా?"

"ఎప్పుడో. మా అమ్మ చెప్పింది."

"జ్వరం వచ్చా?"

"ఆఁ, జ్వరం."

"ఏ ఏడాది?"

"నేను పుట్టకముందు. అప్పుడు నన్ను పిలవలేదు, చూసి రాసుకుందునేమో." తలుపు వేయబోయింది.

తలుపు సందులో చెయ్యి పెట్టాను. నలిగితే నలగనీ అనుకున్నాను. "అవ్వా, నా కూతురికి నాలుగేళ్ళు. గుండె ఆగి పడిపోయింది. మా తమ్ముడు పోయాడు. జోహానాకి పిల్లలుంటే వాళ్ళ పిల్లలూ ఇలాగే పోతారు. నీకు తెలిసీ చెప్పకపోతే..."

ఆమె నా ముఖం చూడలేదు. చెయ్యి చూసింది. ఎడమచేతి చూపుడువేలి మీద, బొటనవేలి మీద కత్తి గీతలు.

"ఏం పనిచేస్తావే?"

"చేపల షెడ్డులో. కోసే పని."

"ఎన్నేళ్ళు?"

"పన్నెండు."

"వేళ్ళకి గుడ్డలు చుట్టుకోరా ఇప్పుడు? మా అమ్మ పిండిబస్తా గుడ్డ చింపి పది వేళ్ళకీ చుట్టేది. పళ్ళతో ముడి బిగించేది." తలుపు తెరిచింది. "రా. కాళ్ళు తుడుచుకో. ఆ గడ్డం వాడొచ్చినప్పుడు కాళ్ళు తుడుచుకోలేదు."

"డాల్గార్నో వచ్చాడా ఇక్కడికి?"

"వచ్చాడు. అయిదు నిమిషాలు. చచ్చిపోయిందన్నాను, థాంక్యూ అన్నాడు. వాడి చేతులు పిల్లి పొట్టలా మెత్తగా ఉన్నాయి. అలాంటివాడికి నేనేం చెబుతాను?"

టీ పోసింది. అరగంట పాటు మా షెడ్డు సంగతులే అడిగింది. నా కోపం టీ కంటే వేడిగా ఉంది, కానీ నోరు మూసుకుని ఓట్‌రొట్టె తిన్నాను. చివరికి మంచం కింద చూపించింది.

"ఆ పెట్టె బయటికి లాగు. నేను వంగలేను. లోపల కాదు, మూత చూడు."

చెక్కపెట్టె. చేపలు కోసే పిల్లలు ఊరూరా మోసుకెళ్ళే పెట్టె అదే. బట్టలు, కత్తి, అల్లిక సూదులు, అన్నీ అందులోనే. మూత లోపలివైపు వరసగా చెక్కిన గీతలున్నాయి. పీపాలవాళ్ళు చెక్క మీద గుర్తు గియ్యడానికి వాడే కొక్కెం ములుకు గీతలు అవి. మా షెడ్డు గోడకి అలంకారంగా అలాంటిది ఒకటి తగిలించారు, దాని గాడి నాకు తెలుసు.

"ఎవరు గీశారు?"

"జోహానా నాన్న. ఉప్పుచేపల కొట్టులో పీపాలు చేసేవాడుగా. ప్రతి ఏడూ పిల్లలు బయలుదేరేముందు ఏడాది, రేవు, ముగ్గురి మొదటి అక్షరాలు గీసేవాడు. ఎవరి పెట్టె ఎవరిదో తెలియాలని."

మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ వెలుతురు పక్క నుంచి పట్టాను. 1914, లెర్విక్: లిజ్జీ, జోహానా, మ్యాగీల మొదటి అక్షరాలు. తర్వాత ఖాళీ, యుద్ధం. 1919, లెర్విక్: మళ్ళీ అవే మూడు.

1919. ఆమె చచ్చిపోయిందన్న మరుసటి ఏడాది.

1920, మళ్ళీ ముగ్గురూ. 1921లో లిజ్జీ లేదు, అప్పటికి పెళ్ళయిపోయింది. ఆమెకి బదులు వేరే అక్షరం, కొత్త పిల్ల. దాని పక్కన మ్యాగీ. వాళ్ళిద్దరికీ ముందు ఒక చోట చెక్కని కత్తితో గీకేశారు. చూస్తే ఏమీ కనిపించలేదు. వేలితో తడిమాను. సంచిలో ఎఫీ బొమ్మల పుస్తకం ఉంటే ఒక కాగితం చింపి, గీకిన చోట పరిచి, మెత్తటి పెన్సిల్‌తో రుద్దాను. అక్షరం తెల్లగా లేచింది. జోహానా.

1922 వరసలో ఆ అక్షరం లేదు.

"ఎవరు గీకేశారవ్వా?"

"గీసినవాడే." టీనీ కిటికీ వైపు చూస్తూ చెప్పింది. "ఆ వేసవి లెర్విక్‌లో అక్కడి పీపాలవాడితో తిరిగింది. కడుపొచ్చింది. పెళ్ళి చేసుకున్నార్లే, కానీ ఆలస్యంగా. వాళ్ళ నాన్న ప్రార్థనల్లో ముందు వరస మనిషి. 'నాకు రెండో కూతురు లేదు, చచ్చిపోయింది' అన్నాడు. ఊరంతా అలాగే అంది. చచ్చిపోయిన ఇంకో జోహానా ఉండనే ఉంది, ఎవరైనా అడిగితే సమాధి చూపించడానికి. మా అమ్మ చేత బైబిల్ మీద ఒట్టు వేయించుకున్నాడు. మా అమ్మ నా చేత వేయించుకుంది."

నాకు ఏడుపు రాలేదు. పళ్ళు నొప్పెట్టేంత కోపం వచ్చింది. ఒక ముసలాడి పరువు కోసం బతికున్న పిల్లని పూడ్చిపెట్టారు. వందేళ్ళుగా ఆ అబద్ధాన్ని అందరూ కాపలా కాస్తున్నారు.

"మరి 1921 లెక్కల్లో ఆమె పేరు లేదన్నాడు డాల్గార్నో."

"ఎప్పుడు రాసుకున్నారట?"

నివేదిక తీసి తేదీ చూశాను. ఇన్నాళ్ళూ ఏడాది చూశానే గానీ తేదీ చూడలేదు. జనాభా లెక్కలు ఎప్పుడూ మార్చి ఆఖరునో ఏప్రిల్‌లోనో ఒక ఆదివారం తీస్తారు. ఆ రాత్రి ఎవరు ఏ కప్పు కింద పడుకుంటే అక్కడే రాస్తారు. ఆ ఒక్క ఏడాది సమ్మెల గొడవతో వాయిదా వేశారు. 1921 జూన్ పంతొమ్మిది.

టీనీ నవ్వింది. పళ్ళు లేని నవ్వు, కానీ వెటకారం బాగానే ఉంది. "జూన్‌లోనా? జూన్‌లో హెర్రింగ్ అంతా షెట్లాండ్ దీవుల్లో, ఆ లెర్విక్ పక్కన ఉంటే, ఇక్కడ ఇంట్లో ఎవరుంటారే? మంచం పట్టినవాళ్ళు తప్ప! ఆ గడ్డం వాడికి ఆ మాత్రం తెలియదా?"

తెలియదు. చేప ఎప్పుడు ఎక్కడుంటుందో తెలియనివాడు చేపలు కోసేవాళ్ళని వెతికాడు.

*

మంగళవారాల్లో ఊరి లైబ్రరీ రెండింటికి తెరుస్తారు. నేను ఒకటీ నలభై నుంచీ మెట్ల మీదే ఉన్నాను. ఈసారి పోర్ట్ ఆస్కిల్‌లో వెతకలేదు. షెట్లాండ్ లెక్కల్లో వెతికాను. రెండూ ముప్పై అయిదుకి దొరికింది. లెర్విక్ శివార్లలో ఉప్పుచేపల రేవు, చెక్క గుడిసెలు. ఒక్కో గుడిసెలో ముగ్గురేసి ఆడవాళ్ళు. ఏడో గుడిసె:

జోహానా మెయిర్, 20, చేపలు కోసే పని, పుట్టిన ఊరు పోర్ట్ ఆస్కిల్. కింద మూత మీదున్న మిగతా ఇద్దరు, అదే వరసలో.

తెర మీద ఆ పేరుని వేలితో ముట్టుకున్నాను. లైబ్రేరియన్ గొంతు సవరించుకుంది. ముట్టుకోకూడదట.

తర్వాత లెర్విక్ పెళ్ళిళ్ళ పుస్తకం. గర్భిణి కాబట్టి ఆ వేసవో, ఆ శరత్కాలమో అయ్యుండాలి. మూడూ పది. 1921 సెప్టెంబరు. వధువు జోహానా మెయిర్, తండ్రి అలెగ్జాండర్ మెయిర్, పీపాలు చేసేవాడు.

జాలరి కాదు. పీపాలు చేసేవాడు. ఆమే.

వరుడి గడి చదివాను. చదివి, మళ్ళీ చదివాను.

మాగ్నస్ ఇస్‌బిస్టర్. పీపాలు చేసేవాడు.

పొద్దున డాల్గార్నో చెప్పిన వాళ్ళమ్మ తాత. *చుక్క కారేది కాదనేవారు.*

కుర్చీ వెనక్కి పడింది. లైబ్రేరియన్ ఏదో అంటోంది. నాకు వినిపిస్తున్నది వేరే గొంతు. పొద్దున సాధన అయ్యాక కళ్ళు తిరిగాయి, నిన్నా అంతే. కుర్చీ వీపు పట్టుకున్న చెయ్యి, నీలం టోపీ. నాలుగింటికి పోటీ.

గోడ మీద తెల్లకాగితం ఎందుకు మిగిలిందో అర్థమైంది. అక్కడ రాయాల్సిన పేరు జోహానా. అందరి తాతలనీ వెతికే మనిషి, చేపల కంపని, తన తల్లి వైపు ఒక్క అడుగు వెయ్యలేదు. వేసి ఉంటే నా మూడో పేజీ దగ్గర ఆయనే ఉలిక్కిపడేవాడు.

మూడూ పదహారుకి ఫోన్ ఎత్తాడు.

"మీ అమ్మ ఎలా చనిపోయింది?"

"ఏంటీ? ఎవరు? షోనానా?"

"మీ అమ్మ, డాల్గార్నో గారూ. ఎలా?"

"నీకు సిగ్గుండాలి. ఇలాంటి..."

"నీళ్ళలో పోయిందా?"

అవతల నుంచి ఊపిరి మాత్రమే వినిపించింది. ఒకటి, రెండు, మూడు. నేను లెక్కపెట్టాను. నాకు అలవాటైపోయింది.

"ఆమె మంచి ఈతగత్తె," అన్నాడు చివరికి. గొంతు వేరేగా ఉంది. "తిమ్మిరి పట్టి ఉంటుందన్నారు. నీకెవరు చెప్పారు?"

"మాగ్నస్ ఇస్‌బిస్టర్ పెళ్ళాం జోహానా మెయిర్. మీరు 1918లో చంపేసిన జోహానా. పెళ్ళి కాగితం నా ముందుంది. మా తమ్ముణ్ణి చంపిన గుండె జబ్బే మీ అమ్మనీ చంపింది. మీలో ఉండొచ్చు. మీ అమ్మాయిలో ఉండొచ్చు. ఇవాళ ఆ పిల్లని నీళ్ళలోకి దిగనివ్వకండి. తిట్టండి, నా మీద కేసు పెట్టండి, ముందు వెళ్ళి ఆపండి!"

"పొద్దున ఓడిపోయావని, ఇప్పుడు నా బిడ్డని అడ్డం పెట్టుకుని బెదిరిస్తున్నావా?" అరిచాడు. అరుపులో భయం ఉంది, నాకు తెలుసు, నేనూ మార్చి నుంచి అలాగే అరుస్తున్నాను. "కళ్ళు తిరిగాయని పిల్ల ఒక్క మాట అంటే పట్టుకుని ఇంత కథ అల్లావు! రెండేళ్ళుగా ఈ పోటీ కోసం తపిస్తోందది. మళ్ళీ ఫోన్ చేస్తే పోలీసులకి చెబుతాను."

"మీకు అక్షరాలొచ్చు కదా, కాగితం పంపుతున్నాను, చదవండి! జూన్ పంతొమ్మిది! జూన్‌లో ఎవరు ఇంట్లో ఉంటార్రా..."

పెట్టేశాడు. మళ్ళీ చేస్తే మోగలేదు. నా నంబరు ఆపేశాడు. కాగితాల ఫొటోలు పంపాను. పక్కన ఒకే టిక్కు పడింది. చేరలేదు.

ఈతకొలనుకి చేశాను. మోగి మోగి ఆగిపోయింది. అత్యవసర నంబరుకి చేశాను. "ఆ అమ్మాయికి ఇప్పుడు ఏమైందండీ?" అని అడిగింది ఫోనెత్తినామె, ఓపిగ్గానే. "ఇంకా ఏమీ కాలేదు," అన్నాను. నా చెవులకే పిచ్చిదాని మాటలా వినిపించింది. సందేశం పంపుతామంది. ఎంతసేపట్లో అంటే చెప్పలేనంది.

మూడూ నలభై అయిదు బస్సు ఎక్కాను. క్రెయిగ్‌డూన్ చేరేసరికి నాలుగూ ముప్పై అయిదు అవుతుంది. పోటీ నాలుగింటికి. నాన్సీకి ఫోన్ చేస్తే, అడక్కుండానే "తీసుకుంటోంది, తీసుకుంటోంది" అంది. ఎఫీ నవ్వు వినిపించింది. నా బిడ్డ ఊపిరి తీసుకుంటోంది. ఇంకొకరి బిడ్డ నీళ్ళ అంచున నిలబడి టోపీ సర్దుకుంటూ ఉంటుంది, వాళ్ళ నాన్న వచ్చాడా అని వెనక్కి తిరిగి చూస్తూ.

బస్సులో కూర్చుని, ఫోన్‌లో క్రెయిగ్‌డూన్ వాళ్ళంతా చూసే ఊరి పేజీలో రాసి పెట్టాను. బస్సు కుదుపుకి రెండుసార్లు చెరిగిపోయింది. ఏం రాశానో ఇక్కడ అలాగే రాస్తున్నాను.

*నా పేరు షోనా. తాగి లేను, పిచ్చిదాన్ని కాను. మీలో ఎవరైనా ఈతకొలనుకి దగ్గర్లో ఉంటే చేస్తున్న పని వదిలేసి వెళ్ళండి. మిర్రెన్ డాల్గార్నో, పధ్నాలుగేళ్ళు, ఎర్ర జుట్టు, నీలం టోపీ. నీళ్ళలో ఉంటే బయటికి రమ్మనండి. గట్టు మీద ఉంటే దిగనివ్వకండి. పడి ఉంటే గోడకి తగిలించిన, ఆగిన గుండెని మళ్ళీ కొట్టించే యంత్రం తీసుకుని పరిగెత్తండి, డాక్టరు కోసం ఆగకండి. ఎవరు పంపారని అడిగితే జోహానా అని చెప్పండి, వాళ్ళ నాన్నకి తర్వాత నేను చెబుతాను. నేను ఇంకా బస్సులోనే ఉన్నాను. దయచేసి ఒక్కరు వెళ్ళి ఆ పిల్లని చూసి రండి.*